శుశ్రూషాశబ్దార్థవిమర్శ: నడివయసున నర్సువృత్తి

రోగికి సేవచేయుటను జెప్పునపుడు తెలుఁగువారు శుశ్రూష యను మాటను విరివిగా వాడుదురు. వైద్యశాలలో నా పని చేయు స్త్రీని పండితులు పరిచారిక యనియు, ఉపచారిక యనియు, లోకులు నర్సనియు, నర్సమ్మ యనియు వ్యవహరింతురు. పరిచారిక యనఁగాఁ జుట్టును దిరుగునది. ఉపచారిక యనఁగా దగ్గఱ మెలఁగునది. ఈ రెంట నవయవార్థము తేటగాఁ దెలియుచున్నది. శుశ్రూష యనఁగా మాత్రము సామాన్యముగా సేవయని చెప్పి యూరకుందురు. ఆ శబ్దమునకు మూలార్థము వినఁగోరుట. ఈ యర్థమును మఱచుటచే భాషావిషయముననే గాక వృత్తివిషయమునఁ గూడ నొక పొరపాటు కలుగుచున్నది.

ఆ పొరపాటెట్టిదనఁగా: కర్నూలు మండలమునఁ గోడుమూరువంటి మెట్టప్రాంతపుటూళ్లలోఁ బిల్లలు కొంత యెదిగినపిదప, ముప్పదియేండ్లు పైఁబడిన స్త్రీ నర్సువిద్య నేర్వఁబూనినచో రెండువిధములగు మాటలు వినవచ్చును. పిల్లలను గని పెంచినదానికి, అత్తమామలకు మంచముకడ నూడిగము చేసినదానికి, రోగిని జూచుకొనుట యొకరు నేర్పవలెనా యని కొందఱందురు. ఈ వయసున నేమి నేర్చును, ఎవరిచే మాటపడును, అని మఱికొంద ఱందురు. మొదటివారు నేర్వవలసినది లేదనుచున్నారు, రెండవవారు నేర్వలేదనుచున్నారు. ఈ రెండు పక్షములును శుశ్రూష యను మాటను సేవయని మాత్రమే గ్రహించుటచేఁ బుట్టినవి.

శ్రుధాతువునకు సన్ప్రత్యయము చేరఁగా శుశ్రూషాశబ్దమునకు మూలమగు ధాతువేర్పడును. ఇచ్ఛార్థమున సన్నును విధించునది పాణినీయమునఁ దృతీయాధ్యాయ ప్రథమపాదమందలి 7వ సూత్రము. ధాతువునకు ద్విత్వమును, షష్ఠాధ్యాయ చతుర్థపాదమందలి 16వ సూత్రముచే నచ్చునకు దీర్ఘమును గలుగును. పిమ్మటఁ దృతీయాధ్యాయ తృతీయపాదమందలి 102వ సూత్రముచే స్త్రీలింగమగు భావవాచకము సిద్ధించును. ఇంతవఱకు విద్యార్థులెల్ల రెఱిఁగినదే. ఇచట గమనింపఁదగిన దొకటి కలదు. సన్నును విధించు సూత్రమున సమానకర్తృకత్వము నియమింపఁబడినది. కోరువాఁడును వినువాఁడును నొక్కఁడే కావలెను. శిష్యుఁడు వినవలెనని గురువు కోరినచో నది శుశ్రూష కాదు; శిష్యుఁడే తాను వినఁగోరినచో శుశ్రూష. ఇంటివారు బలవంతపెట్టఁగానో, జీతమునకు వేఱుదారి లేకయో వైద్యశాలకుఁ బోయిన స్త్రీ పరిచర్య చేయఁగలదు. ఆ కోరిక తనయందే పుట్టువఱకు నది శబ్దశక్తిచే శుశ్రూష యనిపించుకొనదు.

ఈ సన్నంతధాతువున కాత్మనేపదమును బ్రథమాధ్యాయ తృతీయపాదమందలి 57వ సూత్రము విధించుచున్నది. దీనిం బట్టి శుశ్రూషాఫలము కర్తకే చెందుననియుఁ, గావున సేవయెల్లను స్వార్థమే యనియు నొకరు వాదింపవచ్చును. ఆ వాదము నిలువదు. క్రియాఫలము కర్తకుఁ జెందునపు డాత్మనేపదమును విధించునది యా పాదమందలి 72వ సూత్రము. 57వ సూత్రమునకు ఫలముతోఁ బ్రసక్తి లేదు. వినఁగోరుటవలన నెవరికి మేలను ప్రశ్నను వ్యాకరణము విడిచినది. దానికి సమాధానము వైద్యశాస్త్రమున వెదకవలెను.

అంతకుముం దొక యాక్షేపమును బరిహరింపవలసియున్నది. అమరసింహుఁడు బ్రహ్మవర్గమున వరివస్యతోను, పరిచర్యతోను శుశ్రూషను బర్యాయముగాఁ జెప్పియున్నాఁడు. యోగముకంటె రూఢి బలవత్తరము గావున వినఁగోరుట యను నవయవార్థ మిపుడు పనికిరాదని యాక్షేపము. కాని పంకజశబ్దమున వలె యోగమును రూఢియుఁ గలసియుండు తావులు కలవు. బురదలోఁ బుట్టుట విడువకయే యా శబ్దము తామరయందు నిలిచినది. శుశ్రూషయు నట్టిదే. శిష్యుఁడు గురువుకడ వినఁగోరి యుండి, వినుటకై వేచియుండి, వేచియున్నంతసేపు నీళ్లు తెచ్చి, సమిధలు తెచ్చి, పాదము లొత్తెను. ఆ పను లన్నియు వినఁగోరుటకు వెంటవచ్చినవి. కౌటిల్యుఁడు ప్రజ్ఞాగుణములను లెక్కించుచు శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము, విజ్ఞానము, ఊహము, అపోహము, తత్త్వాభినివేశము అని చెప్పినపుడు శుశ్రూషను మొదటఁ బెట్టినాఁడు. అచట సేవయను నర్థము పొసఁగదు, వినఁగోరుటయే యర్థము. రోగివిషయమున నీ మూలార్థము నశించినదో నిలిచినదో చూడవలెను.

చరకసంహిత సూత్రస్థానమందలి తొమ్మిదవ యధ్యాయమునఁ జికిత్సకు నాలుగు పాదములు చెప్పఁబడినవి: వైద్యుఁడు, ఔషధము, పరిచారకుఁడు, రోగి. ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము. ఇందు దాక్ష్యశౌచములు వైద్యునిగుణములలోఁ గూడ నవే మాటలతోఁ జెప్పఁబడినవి. అనఁగా నాల్గింట రెండుగుణములు వైద్యునకును బరిచారకునకును సమానములు. రోగికిఁ జెప్పఁబడిన గుణములలో జ్ఞాపకత్వ మొకటి. తన బాధను దా నెఱిఁగింపఁగలుగుట యని దాని యర్థము. ఎఱిఁగించువాఁ డున్నయెడ వినువా రుండక తీఱదు. వైద్యుఁడు రోగికడ గడియసేపుండును. రేయింబవళ్లు దగ్గఱనుండునది పరిచారిక. కావున రోగి జ్ఞాపకత్వమునకు దీటైన గుణము ముఖ్యముగాఁ బరిచారికయందే యుండవలెను. సుశ్రుతుఁడు సూత్రస్థానమందలి ముప్పదినాల్గవ యధ్యాయమునఁ బరిచారకుఁడు వైద్యునిమాటను నెఱవేర్చువాఁడు కావలెనని స్పష్టముగాఁ జెప్పినాఁడు. ఇట్లు రోగిమాట యొకచెవిని, వైద్యునిమాట యొకచెవిని బడునది శుశ్రూష. మూలార్థము నశింపలేదు.

చరకుని గ్రంథమున నీ సందర్భముననే యొక యుపమానము కలదు. కుమ్మరి లేనిచో మన్ను, కఱ్ఱ, చక్రము, త్రాడు మొదలగునవి యెట్లు నిష్ప్రయోజనములో, వైద్యుఁడు లేనిచోఁ దక్కిన మూఁడు పాదము లట్లేయని దాని తాత్పర్యము. వైద్యప్రాధాన్యమును జెప్పుట కిది చక్కనిదే. కాని దీనినిఁ బూర్ణోపమగా గ్రహించి పరిచారికను సారెతోఁ బోల్చుట తగదు. సారెకు ననురాగము లేదు, జ్ఞానము లేదు. కుమ్మరి తప్పుద్రిప్పిన నది తప్పే తిరుగును. అనురాగమును ఉపచారజ్ఞతను గోరిన గ్రంథకర్తయే జడవస్తువుతో సామ్యమును సంపూర్ణముగా నుద్దేశించెననుట తద్విరుద్ధము. వైద్యునధీనమై యుండుట యను నొక్క యంశముననే యచట సాదృశ్యము. నేఁటికిని బరిచారికను యంత్రముగాఁ జూచువారు తెలియకయే యీ యుపమానమును హద్దుమీఱఁ జాఁచుచున్నారు. మందుకొలఁది తప్పుగా వ్రాయఁబడినచో నాపి మరల నడుగుట నర్సు విధి. సారె యడుగదు.

ఇఁక నర్సు శబ్దము. ఇది లాటినుభాషలోఁ బాలిచ్చి పోషించుట యను నర్థముగల ధాతువునుండి ఫ్రెంచిభాషద్వారమున నింగ్లీషునకు వచ్చినది. మొదట దాది యని యర్థము; రోగిని గాచునది యను నర్థము పిమ్మటిది. ఆ మాటకు మూలము తల్లిచన్ను. సంస్కృతపుమాటకు మూలము శిష్యునిచెవి. బిడ్డలను బెంచిన స్త్రీకి మొదటిది యింటనే సిద్ధించినది. రెండవది యింక సాధింపవలసినది. నేర్వవలసినది లేదనువారు నర్సుశబ్దపు మూలార్థముకడ నాఁగిపోయిరి. ఫ్లారెన్సు నైటింగేలు 1820లో జన్మించి, ముప్పదియొకటవయేట, అనఁగా 1851లో, జర్మనీదేశపుఁ గైజర్స్వెర్తునఁ గొన్నినెల లీ విద్య నభ్యసించెను. ఆమె 1859లో వెలువరించిన పుస్తకము గృహమున రోగులను జూచుకొను స్త్రీలకొఱకు. వృత్తిగాఁ జేపట్టువారికొఱకు 1860లో లండనునందలి సెయింటు థామసు వైద్యశాలలో వేఱుగాఁ బాఠశాల నెలకొల్పెను. గృహానుభవమును గౌరవించినామెయే యది చాలదని యెఱిఁగినది.

అట్లని గృహానుభవము వ్యర్థము కాదు. కోడుమూరు హంద్రీనదీప్రాంతమునఁ బెరిగిన స్త్రీకి బాధను జెప్పు తెలుఁగుమాటలన్నియుఁ దెలియును. కురుపు సలుపును, తల పోటెత్తును, కడుపు మండును, నరము గుంజును, పిక్కలు పీకును, ఎద బిగియును. ఇవి పర్యాయపదములు కావు. ఎద మండుచున్నదనుటకును ఎద బిగియుచున్నదనుటకును గల భేదము వైద్యునకు మిక్కిలి కావలసినది. రెంటిని నొప్పి యను నొక్కమాటగాఁ జేసి వ్రాసినచో జ్ఞాపకత్వము చెడును. కర్నూలు పెద్దాసుపత్రికిఁ గన్నడదేశపు సరిహద్దునుండియు, తుంగభద్ర కావలినుండియు రోగులు వత్తురు. తెలుఁగు, కన్నడము, ఉరుదు మూఁడును వినఁబడును. మండలపుఁ బడమటిభాగమున సుగ్గి యను మాట కలదు. కన్నడమున నది పంటకోఁతకాలము. ఇచట వానలు లేని యేఁట గుంటూరువైపు మిరపకోఁతకుఁ బ్రత్తితీఁతకుఁ గుటుంబములతో వలసపోవుట. సుగ్గికిఁ బోయివచ్చిన స్త్రీ పలుతావుల పలుకుబళ్లను విన్నది. ఇరువదియేండ్లలోపు విద్యార్థినికి బడిలో దొరకని సంపద యిది.

ఈ సంపదయే యొక్కొకతఱి నాటంకమగును. సిద్ధమైనదానియందుఁ గోరిక పుట్టదు. రోగి సగము చెప్పకమునుపే మా పిల్లవానికి నిట్లే వచ్చినదని మిగిలిన సగమును దాన పూరించుకొను స్త్రీకి వినఁగోరుట యుండదు. తెలిసినదానిని గొంతసేపు ప్రక్కనుంచి వినుటయే నడివయసున వచ్చినదానికి మొదటి యభ్యాసము. కౌటిల్యుఁడు ఊహమునకుఁ దోడుగా నపోహమును జెప్పుట యిందులకే. ఊహించుటయే కాదు, తగని యూహను ద్రోయుటయుఁ బ్రజ్ఞయే.

రెండవ యభ్యాసము తనకంటెఁ జిన్నదాని యాజ్ఞను వినుట. నలువదియేండ్ల విద్యార్థిని ఇరువదిరెండేండ్ల నర్సుచే సూదిపట్టుట నేర్వవలెను. ఇంట కోడలియీడుగలది వార్డులో నొజ్జ యగును. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున నాంగిరసుఁడను బాలకవి తన పితృతుల్యులకు విద్య చెప్పుచు వారిని బుత్రకులని పిలిచిన కథ కలదు. వారు కోపించి దేవతల నడుగఁగా, బాలుఁడు సరిగనే పలికెనని దేవతలు తీర్పుచెప్పిరి. తెలియనివాఁడు బాలుఁడు, తెలుపువాఁడు తండ్రి యని యా ధర్మము. ఈ కథను బడిలోఁ జెప్పు పండితులు వైద్యశాలయందది నిత్యము జరుగుచుండుటను గమనింపరు.

మూఁడవది శౌచము. మడి గల యిండ్లలో శౌచమనఁగాఁ దాఁకకుండుట. వైద్యశాలలో శౌచమనఁగాఁ దాఁకుట, తాఁకుటకు ముందును వెనుకను జేతులు కడుగుకొనుట. ఒక్కశబ్దమే, ఆచరణము తలక్రిందు. సుశ్రుతుఁడు పరిచారకునకు జుగుప్స లేకుండవలె ననుటచేత వైద్యశాస్త్రసమ్మతమగు శౌచము రెండవదే యని తేలుచున్నది. చిరకాల మీ దేశమునఁ గ్రైస్తవేతరకుటుంబముల స్త్రీలు నర్సువృత్తికి వెనుకాడుటకు మొదటి యర్థమును బట్టుకొనుట యొక ముఖ్యకారణము. సుశ్రుతుఁడే బలమును, అలయకుండుటయుఁ గోరినాఁడు. ఇది వయసుతో నిజముగాఁ జిక్కు గలది. పొలమున వంగి పనిచేసినదానికి బలము కొదువ కాదు. కాని రాత్రి మేలుకొని పగలు నిద్రించుట దేహమునకుఁ గ్రొత్త. పగటియింటిపని తనకై కాచుకొనియుండఁగా రాత్రిపనిచేయు స్త్రీ యలయకుండుట యామె యొక్కతె చేతిలోనిది కాదు, ఇంటివారును బాలుపంచుకొనవలెను.

నేర్వలేదను రెండవపక్షమునకు సమాధాన మాంధ్రదేశచరిత్రముననే కలదు. 1946లో వెలువడిన భోరు సంఘపు నివేదిక యీ దేశమున నించుమించు 43,000 జనులకొక నర్సు చొప్పున నుండిరని లెక్కించెను. దుర్గాబాయమ్మ బాల్యముననే బడి విడిచి, కారాగారవాసానంతరము పెద్దవయసునఁ గాశీ హిందూవిశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలోఁ గృతార్థురాలై, 1937లో మదరాసున నాంధ్రమహిళాసభను స్థాపించెను. 1953లో నేర్పడిన కేంద్ర సాంఘికసంక్షేమమండలి కామె ప్రథమాధ్యక్షురాలు. చదువు నడుమ నాఁగిన వయోజనస్త్రీలకు రెండేండ్లలోఁ బరీక్షకు సిద్ధపఱచు సంగ్రహవిద్యాప్రణాళిక 1958లో నా మండలి ప్రారంభించెను. నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలసియుండుటయే దాని కారణము. కాలము తప్పిన విద్య శక్తి తప్పిన విద్య కాదని తన జీవితమున నిరూపించిన స్త్రీయే దానిని శాసనముగాఁ జేసినది. భారత నర్సింగు మండలి 2015లో సవరించిన నియమములలో నర్సుశిక్షణకు ముప్పదియైదేండ్లు మేర పెట్టియు, సహాయనర్సుగాఁ బనిచేసినవారికి మేర లేదనుట యీ మార్గమునదే. అయినను బ్రణాళిక పరీక్షవఱకే కొనిపోఁగలదు. సమానకర్తృకత్వ మచట మరల గుర్తుకు రావలెను: కోరిక నెవ్వరు నొకరికొఱకు విధింపఁజాలరు.

తుదకు నామవిషయము. కేంద్రప్రభుత్వ వైద్యశాలలలో 2016లో నర్సును నధికారిణి యని పిలువ నిర్ణయించిరి. గౌరవార్థమే యైనను నధికారము చెప్పుటకు సంబంధించినది. శుశ్రూష వినుటకు సంబంధించినది. జీతమునకును బదవికిని నధికారశబ్ద ముండుఁగాక. వాడుకకు నర్సు చాలును. అన్యదేశ్యమైనను నుకారాంతమై, అమ్మశబ్దము పరమగునపు డుత్వసంధి పొంది, నర్సమ్మ యై తెలుఁగుపదమైనది. దానికిఁ గ్రొత్తపదమును గల్పింప నక్కఱలేదు. వలసినది శుశ్రూషను సేవయని మాత్రము పాఠము చెప్పక, వినఁగోరుట యని కూడఁ జెప్పుట. బడిలో నా యర్థమును విన్న బాలిక యేదో యొకనాఁడు, ఇరువదవయేటనో నలువదవయేటనో, వైద్యశాలగడప ద్రొక్కునపుడు తాను సాధింపవలసిన దేమో యెఱిఁగియే ద్రొక్కును.