రిపోర్టులు బాగున్నా ఆగని నెత్తురు

వరసగా కడుపు పోతున్న అమ్మాయికి రక్తపరీక్షలు చేస్తారు. పీటీ నార్మల్, ఏపీటీటీ నార్మల్, ప్లేట్‌లెట్లూ సరిపడా ఉంటాయి. "ఏమీ లేదమ్మా, మళ్లీ ప్రయత్నించండి" అంటారు. నెత్తురులో ఉండే ఫ్యాక్టర్ 13 అనే ప్రొటీన్ లోపం ఉన్నవారికి ఈ మాట ఎంతో చేటు చేస్తుంది.

ఆ పరీక్షలు నెత్తురు గడ్డ కట్టేదాకానే చూస్తాయి. ఫ్యాక్టర్ 13 పని ఆ తర్వాత మొదలవుతుంది. అల్లుకున్న ఫైబ్రిన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచేది అదే. అది లేకపోతే గడ్డ నిలవదు, ఒకటి రెండు రోజులకు మళ్లీ నెత్తురు కారుతుంది. 1960లో స్విట్జర్లాండ్ వైద్యులు తొలిసారి వివరించిన ఈ జబ్బు సుమారు 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుంది. హిమోఫిలియాలా ముఖ్యంగా మగపిల్లలకు వచ్చేది కాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే ఆడామగా ఎవరికైనా వస్తుంది. మేనరికాలు ఇంకా సాగుతున్న మన ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి.

ఆనవాలు అమ్మమ్మలకు తెలుసు: పసికందుగా ఉన్నప్పుడు బొడ్డు ఊడిన చోట రోజుల తరబడి నెత్తురు కారడం. డాక్టర్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మావి గర్భసంచికి గట్టిగా అతుక్కోవాలన్నా ఈ ప్రొటీన్ కావాలి. వైద్యం లేకుంటే చాలా గర్భాలు తొలి నెలల్లోనే పోతాయి. అయితే ఒకసారి ఎక్కించిన ఫ్యాక్టర్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది, మామూలుగా నాలుగు వారాలకోసారి చాలు. గర్భిణికి ఇంకా తరచుగా కావాలి. శుద్ధి చేసిన ఫ్యాక్టర్ మందు మేలు; దొరకని చోట బ్లడ్ బ్యాంకు క్రయోప్రెసిపిటేట్ ఆదుకుంటుంది. ఇంత కడుపుకోతను ఆపగల మందు ఉండి కూడా, జబ్బు పేరు తెలియక బిడ్డలు దక్కకపోవడం భరించరానిది.

కాన్పు నాటికి ఫ్యాక్టర్ ఎంతుందో చూసి, ముందుగానే డోసు ఎక్కించాలి. సహజ కాన్పుకు ఈ జబ్బు ఒక్కటే అడ్డు కాదు. నెత్తురు ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి బాలింతను తొందరపడి ఇంటికి పంపకూడదు.

భర్త దగ్గరి బంధువైతే గర్భానికి ముందే అతనికీ జన్యు పరీక్ష చేయించండి. అతనిలోనూ లోపమున్న జన్యువు ఒకటుంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. పుట్టగానే బొడ్డుతాడు నుంచి రక్తనమూనా తీయమని కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి.