బొమ్మలకు ఊపిరి పోసేవాళ్లు

దయ్యాల కామెడీ, పాటలు, యానిమేషన్ మూడూ ఒకేచోట కావాలంటే నేను 1993 నాటి ‘ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ చూడమంటాను. కథ టిమ్ బర్టన్‌ది, దర్శకుడు హెన్రీ సెలిక్. ఆయన పేరు చాలామందికి తెలియకపోవడం అన్యాయం.

డానీ ఎల్ఫ్‌మన్ పాటలు సిద్ధమయ్యాకే యానిమేటర్లు చెయ్యి పెట్టారు. బొమ్మను వెంట్రుకవాసి కదపాలి, ఫ్రేమ్ తీయాలి, మళ్లీ కదపాలి. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు మరి! కథానాయకుడైన ఎముకలగూడు జాక్ కోసం సుమారు 400 తలలు చేశారు. పలుకు మారితే తల మార్చడమే. వాడికి కనుగుడ్లు లేవు, ఖాళీ గుంతలే. అయినా దిగులుపడితే తెలిసిపోతుంది: మెడ వంగుతుంది, పుల్లల్లాంటి వేళ్లు వేలాడిపోతాయి. అదంతా మనిషి చేతి పనితనం. కంప్యూటర్ బొమ్మల్లో నాకు ఆ బరువు కనిపించదు.