మిథ్య అంటే అబద్ధం కాదు

తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్ళకి రెండు మాటలు గుర్తుండే ఉంటాయి: నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం. తెర మీద పట్టుకోగలిగేది మొదటిది, పట్టుకోలేనిది రెండోది. అద్దంలో మన మొహం రెండో రకం. పరీక్షలో ఆ తేడా రాసేసి ముందుకెళ్ళిపోయాం. కానీ ‘వర్చువల్’ అనే ఇంగ్లీషు మాటకి ‘మిథ్య’ అని పెట్టుకోవడం వల్ల ఒక చిక్కు మిగిలిపోయింది. ఆ మాట వినగానే లేనిది, ఉత్తది, మోసం అనే అర్థాలే తడతాయి. బొమ్మల గురించీ సినిమాల గురించీ మాట్లాడేటప్పుడు కూడా అవే వెంట వస్తాయి. “అదంతా వర్చువలే కదా” అని కొట్టిపారేస్తాం. అలా కొట్టిపారేయడం వల్ల బొమ్మల్ని సరిగ్గా చూడలేకపోతున్నామని నా అనుమానం.

ముందు కాంతి పాఠం సంగతే చూద్దాం. మా గుండుగొలను వైపు చేపల చెరువులకి కొదవ లేదు, ఊరి పేరులోనే కొలను ఉంది. గాలి లేని పొద్దున గట్టు మీది కొబ్బరిచెట్టు నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది. నీళ్ళ అడుగున చెట్టేమీ లేదు. నీటి మీద పడి తిరిగొచ్చిన కిరణాలు అడుగు నుంచి వస్తున్నట్టు మనకి అనిపిస్తాయి, అంతే. పటం గీసేటప్పుడు ఆ ‘అనిపించడాన్ని’ చుక్కల గీతలతో వేస్తాం. అయితే ఆ కిరణాలే కంట్లోకి వెళ్ళాక, కంటి కటకం వాటిని కలిపి రెటీనా మీద నిజ ప్రతిబింబాన్నే తయారుచేస్తుంది. అంటే మిథ్యా ప్రతిబింబం అబద్ధం కాదు, సగం పని. చూసే కన్ను వచ్చి నిలబడ్డాక మిగతా సగం జరుగుతుంది.

నిజానికి అద్వైతంలో కూడా మిథ్య అంటే ఉత్త అబద్ధం కాదు. ఉందనీ అనలేం, లేదనీ అనలేం, అలాంటిది మిథ్య. దాన్ని అబద్ధంగా కుదించుకున్నది మన వాడుకే. ‘వర్చువల్’ సంగతి ఇంకా విచిత్రం. దాని మూలం లాటిన్ ‘విర్టుస్’. బలం, పరాక్రమం అని అర్థం. అమెరికన్ తత్వవేత్త చార్లెస్ పర్స్ 1902లో ఒక నిఘంటువు కోసం ఈ మాటని నిర్వచిస్తూ చెప్పినదాని సారం ఇది: ఒక వస్తువు తాను కాకపోయినా, ఆ వస్తువు చేసే పనిని చెయ్యగలిగేది దాని వర్చువల్ రూపం. మా ఉద్యోగాల్లో రోజూ తగిలే వర్చువల్ మెమరీ అలాంటిదే. ప్రోగ్రాంకి పెద్ద మెమరీ ఉన్నట్టే ఉంటుంది. ముట్టుకున్న చోటికి మాత్రం అప్పటికప్పుడు అసలు మెమరీ తెచ్చి పెడతారు. అందులో మోసమేమీ లేదు, అడిగినప్పుడు చెల్లించే మాట అది.

ఆ బలం ఎంతటిదో మా పక్కనున్న కొల్లేరుని అడిగితే తెలుస్తుంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సాగే ‘+5 కాంటూరు’ అనే గీత అక్కడ అందరికీ తెలుసు. 1999లో ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. గట్టు మీద నిలబడి ఎంత వెతికినా ఆ గీత కనిపించదు, అది పటంలోనే ఉంటుంది. అయినా 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. పక్షుల చోటూ, మనుషుల జీవనోపాధీ రెండూ ఆ కనిపించని గీతని బట్టే తేలాల్సి వచ్చింది. గీతని +3కి కుదించాలా వద్దా అనే గొడవ ఆ తర్వాత కూడా నడిచింది. దాన్ని అబద్ధం అనగలమా?

సర్వే గీతే ఇంత పని చేస్తే, కళాకారుడి గీత ఏం చేస్తుంది? సుజాన్ లాంగర్ 1953లో వచ్చిన ‘ఫీలింగ్ అండ్ ఫామ్’ పుస్తకంలో, చిత్రంలో కనిపించే చోటుని అద్దం వెనక కనిపించే చోటుతో పోల్చింది. కంటికి మాత్రమే ఉండే చోటు అది, చేత్తో ముట్టుకోలేం. చిత్రకళ తయారుచేసేది ఆ చోటునే అంటుంది. నాకు ఈ మాట నచ్చింది కానీ సరిపోలేదు. ఆ చోటులో చూసేవాళ్ళ వాటా ఎంత అన్నదే నా ప్రశ్న.

దీనికి మన దగ్గర రెండు వేల ఏళ్ళ నాటి జవాబుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకం ఒకదానికి రెండు వైపులా శిల్పం ఉంది. క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి వైపున బోధి వృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ నమస్కరిస్తున్న మనుషులు. బుద్ధుడు మాత్రం లేడు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాతిని తిప్పి రెండో వైపున స్తూపాన్ని చెక్కారు. ఆ మొదటి వైపుని చూస్తే నాకు చుక్కల గీతలే గుర్తొస్తాయి. జోడించిన చేతులు, వంగిన ఒళ్ళు, చూపులు అన్నీ ఆ ఖాళీ వైపే పోతున్నాయి. అవన్నీ కలిసే చోట కూర్చున్న మనిషిని శిల్పి చెక్కలేదు, మనకి వదిలేశాడు.

రెండో జవాబు ‘మాయాబజార్’. 1957లో వచ్చిన ఈ కె.వి. రెడ్డి సినిమాలోని ప్రియదర్శిని పెట్టెని చూసి, అప్పట్లోనే లాప్‌టాప్, వీడియో కాల్ ఊహించేశారని మురిసిపోతుంటాం. పోలిక సరదాగానే ఉంది కానీ అసలు విషయం అది కాదు. ఆ పెట్టెలో ముందే నింపిపెట్టిన బొమ్మ ఏదీ లేదు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు తెరిస్తే శకుని. చూసేవాళ్ళ మనసుని బట్టి బొమ్మ మారుతుంది. కృష్ణుడికి శకుని కనపడటంతో ప్రేక్షకులు నవ్వుతారు, కానీ సినిమా తన గురించి తాను చెప్పుకున్న మాట కూడా అదే. తెర మీద వెలుగునీడలు తను ఇస్తుంది, మిగతాది ప్రేక్షకులు తెచ్చుకోవాలి.

అదే సినిమాలో పడవ పాటకి మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల ఉంది కదా. తెర మీద ఉన్నవి తెలుపూ నలుపూ వాటి మధ్య బూడిద ఛాయలూ మాత్రమే. అందులో చల్లదనాన్నీ నీలాన్నీ కలుపుకున్నది చూసినవాళ్ళే. 2010 జనవరి 30న రంగుల ‘మాయాబజార్’ విడుదలైంది. ఎంతో శ్రమపడి చేసిన పని అది. కొత్త తరాన్ని థియేటర్‌కి తెచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ వెన్నెల దగ్గర మాత్రం నాకు వెలితిగా ఉంటుంది. నీలం తెర మీదే ఉంది కాబట్టి నేను కలపాల్సింది లేదు. రంగు తప్పా ఒప్పా అన్నది కాదు సమస్య, ఖాళీ ఆసనంలో ఎవరినో కూర్చోబెట్టేశారు.

నింపితే కళ పోతుందని నేను అనడం లేదు. అమరావతి శిల్పులే తర్వాత బుద్ధుడి రూపాన్ని చెక్కారు, గొప్పగా చెక్కారు. ఆ రూపాల్లో కూడా దించిన కళ్ళ వెనక ఏముందో మనకే వదిలేశారు. అంటే ఒకచోట నింపి మరోచోట ఖాళీ తెరిచారు. మంచి బొమ్మకి నేను పెట్టుకున్న కొలత అదే.

ఇప్పుడు నాలుగు మాటలు టైప్ చేస్తే కొల్లేరు సూర్యాస్తమయం బొమ్మ వచ్చేస్తుంది, పెలికాన్‌లతో సహా. “అది నిజం కాదు” అన్నది దానికి పెద్ద అభ్యంతరం కాదు, ఆ మాటకొస్తే మార్కస్ బార్ట్‌లే వెన్నెల కూడా నిజం కాదు. అభ్యంతరం ఏమిటంటే ఆ బొమ్మలో ప్రతి మూలా నిండిపోయి ఉంటుంది. మనం వేసుకోవాల్సిన చుక్కల గీత ఒక్కటీ ఉండదు. డ్రోన్ వీడియోల్లో మెరిసే నీళ్ళు కూడా చాలాసార్లు ఇంతే. అది సరస్సా, చేపల చెరువా, గీతకి లోపలా, బయటా అన్న ప్రశ్న మనలో పుట్టకముందే అందం పని ముగించేస్తుంది. అలాంటి బొమ్మలకి అలవాటుపడ్డ కంటికి ఖాళీ ఆసనం ఉత్త రాయిలాగే కనిపిస్తుంది. కొల్లేరులో ఏం పోతోందో కూడా దానికి కనిపించదు.