ఖాళీ గిన్నె

మంగళవారం రాత్రి నాకు ఒళ్ళు మండింది. కారణం ఆరు ఇడ్లీలు.

మా కూడికలో ఒక అక్క పోయిన నెల బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, లోపల ప్లేటూ స్క్రూలూ బిగించి, చేతికి వాకరిచ్చి ఇంటికి పంపారు. పిల్లలిద్దరూ దూరదేశాల్లో ఉన్నారు. ఇంట్లో మిగిలింది బావగారు. ఆయనకు పాలు కాచడం వచ్చు, అదీ సగంసార్లు పొంగించి. శుక్రవారం కూడికలో ఆఖరి పాట అయ్యీ కాకముందే మా కుర్రాళ్ళు ఫోన్లో వంతుల పట్టిక వేసేశారు. ఆదివారం పాస్టరమ్మగారు, సోమవారం ఒకరు, బుధవారం ఒకరు, శనివారం నేను. మంగళవారం వంతు ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయిది. పెళ్ళి కాలేదు, అద్దె గదిలో ఉంటాడు. ఆ మహానుభావుడు వండలేదు, వెళ్ళలేదు, ఫోన్ నొక్కాడు. ఎవరో కుర్రాడు బండి మీద వచ్చి ఇడ్లీ పొట్లం గేటుకు తగిలించి పోయాడట.

"ఇది సంఘమా, హోటలా?" అని మా ఆయన దగ్గర గంటసేపు అరిచాను. ఆయన టీవీ కట్టేసి విన్నారు. ఆయన టీవీ కట్టేశారంటే సగం నా వైపు ఉన్నట్టే.

ఈ శీర్షిక చదివే అలవాటున్నవాళ్ళకు నా చాదస్తాలు కొత్త కాదు. "ఏమన్నా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి" అనే మాట నాకు పడదు. కష్టంలో ఉన్న మనిషి చేత అడిగించుకునే సరదా తప్ప అందులో నాకేమీ కనబడదు. అడక్కుండా తీసుకెళ్ళి పెట్టాలి. తీసుకెళ్ళేది స్టీలు క్యారియర్లో. ఐస్‌క్రీం డబ్బాల్లో పులుసు పోసి ఇచ్చేవాళ్ళ మీద నేను రాసింది కొందరికి ఇంకా మంట తగ్గినట్టు లేదు. క్యారియర్ సర్దడం ఒక విద్య. అన్నం అడుగు గిన్నెలో పెట్టాలి, వేడి పట్టి ఉంచేది అదే. పులుసు నడిమి గిన్నెలో, అంచుకు వేలెడు వెలితిగా. నిండా పోశారా, ఆటో మొదటి గతుకు దాటేసరికి అన్నంలోకి దిగిపోతుంది. కూర పై గిన్నెలో, మూతకు ఆవిరి పట్టి నీరు కారకుండా కాస్త చల్లారాక. గిన్నె మీద పేరు చెక్కించి ఉండాలి. మా క్యారియర్ మీద మా అమ్మ పేరూ, 1978 అనీ ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం ఇంకొకటుంది. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. దీని మీద రాసినప్పుడు వచ్చినన్ని ఉత్తరాలు నాకు మరెప్పుడూ రాలేదు. ఇంట్లో ఏమీ లేని రోజు వాళ్ళ అత్తగారు రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేదని తెనాలి నుంచి ఒకావిడ రాశారు. అది చదివి నేను వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాను.

అసలు క్రైస్తవ సంఘంలో మొట్టమొదటి కమిటీ పుట్టిందే అన్నాల గొడవ మీద. అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం తీసి చూడండి. యెరూషలేములో రోజూ జరిగే పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. ఆ పని చూడమని ఏడుగుర్ని ఏర్పాటు చేశారు. స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. ఆయన రాళ్ళ దెబ్బలు తిని చనిపోయాడని సండే స్కూలు పిల్లలు కూడా చెప్తారు, అంతకు ముందు వడ్డన చూసేవాడని మాత్రం ఎవరికీ గుర్తుండదు. కొరింథులో ఇంకో తంటా. ఉన్నవాళ్ళు ఎవరి భోజనం వాళ్ళు ముందే కానిచ్చేస్తుంటే లేనివాళ్ళు ఆకలితో కూర్చునేవాళ్ళు. పౌలు చీవాట్లు పెట్టాడు. అంతియొకయలోనైతే సాక్షాత్తూ పేతురే, యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి అన్యజనులతో కలిసి తినడం మానేసి పక్కకు జరిగాడు. అందరి ముందూ నిలదీసింది మళ్ళీ పౌలే. ఒకరికి పెట్టడం మనకు మొదటి నుంచీ వచ్చు. పక్కన కూర్చుని తినడం దగ్గరే చిక్కంతా.

ఈ మాట దగ్గర నాకు మా అమ్మ బియ్యం డబ్బా గుర్తొస్తుంది.

మాది పల్నాడులో ఒక పల్లె. నాన్న బళ్ళో మాస్టారు. పొయ్యి పక్క గూట్లో బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. ఎసరు పెట్టి, తవ్వతో బియ్యం కొలిచి, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి అమ్మ ఆ డబ్బాలో వేసేది. కొలిచిన దాంట్లోంచే తియ్యాలి. బస్తాలోంచి తీస్తే అది మిగులు, ఇదైతే మా కంచాల్లోది. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళు వదిలాక మా వైపు వరి వచ్చింది గానీ, అంతకు ముందు ఆ డబ్బాలో పడ్డవి పిడికెడు జొన్నలేనట. మిజోరాంలో 1910 నుంచీ ఇదే పిడికెడు బియ్యంతో సంఘాలు మిషను పనే నడుపుకొస్తున్నాయి. మా డబ్బాది అంత దూరపు చూపు కాదు, గుడి నుంచి చెరువుగట్టు దాకానే.

ఆదివారం స్త్రీల సమాజం తరఫున అందరి బియ్యం కొలిచి బస్తాలో పోసేది మా అమ్మే. ఆ బస్తాను చూడాలి మీరు. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి లావు ఐ.ఆర్. ఎనిమిది, ఒకరివి కోటా బియ్యం, ఒకరివి నూకలు. వండితే కొన్ని మెతుకులు జావకారేవి, కొన్ని పలుకు మీదే ఉండేవి. రాళ్ళు సరేసరి. అందులో కొంత పాస్టరు అయ్యగారికి, మిగతాది ముసలివాళ్ళకూ జబ్బుపడ్డ ఇళ్ళకూ వెళ్ళేది.

బళ్ళో మమ్మల్ని "పాలపొడి వాళ్ళు" అని ఏడిపించేవాళ్ళు, అమెరికా పాలపొడి కోసం మతంలో కలిశామని. ఈ అపవాదు ఒంగోలు మిషనరీ క్లౌ దొరకు ముందే తెలుసు. 1876-78 నాటి ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకానికి కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపించాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, గంజి కోసం వచ్చారంటారని. అంతా ఆగాక ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి. నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చినప్పుడల్లా నాన్న ఈ కథ చెప్పేవారు. అమ్మకు కథలు రావు. "మనం పుచ్చుకున్నది వాళ్ళు చూశారు, తీసిపెట్టింది చూళ్ళేదు" అనేది, డబ్బా మూత నొక్కుతూ.

1973 మొదట్లో, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం. ప్రభుత్వోద్యోగుల సమ్మె, బళ్ళు మూత, నాన్న జీతం లేదు. ఒకరోజు చీకటిపడ్డాక సంఘం పెద్ద ఒకాయన సంచి తెచ్చి మా గుమ్మంలో పెట్టి, గట్టిగా దగ్గి వెళ్ళిపోయాడు. సంచి ఉందని మాకు తెలియాలి, పెట్టిందెవరో తెలియకూడదు, అందుకు ఆ దగ్గు. దగ్గును బట్టి ఆయనెవరో మా తమ్ముడు కూడా చెప్పగలడు, అది వేరే సంగతి. అమ్మ సంచి విప్పి, చారెడు బియ్యం దీపం దగ్గర పెట్టి చూసింది. సన్నవీ లావువీ నూకలూ. తను కొలిచి పోసినవే. ఆ రాత్రి మా అందరికీ వండి పెట్టి తను గంజి తాగింది. మర్నాడూ అంతే. పదేళ్ళుగా ఆ బస్తాలో పోస్తున్న మనిషికి అందులోంచి వచ్చిన ముద్ద దిగలేదు.

మూడోనాడు, ఇళ్ళు తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ వచ్చింది. తెల్లచీర, చేతిసంచి, గొడుగు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మా గుడికి మాలపల్లె వాళ్ళూ మాదిగపల్లె వాళ్ళూ ఇద్దరూ వచ్చేవాళ్ళు. గంట ఒకటే, ప్రభువు బల్ల ఒకటే, క్రిస్మస్ ప్రేమవిందుకు మాత్రం పొయ్యిలు రెండు. ఎవరు పెట్టించారో తెలీదు, తీసేద్దామని ఎవరూ అన్లేదు. బైబిలు స్త్రీ అవతలి పల్లె మనిషి. ఏళ్ళ తరబడి మా ఇంటికి వస్తోంది, ప్రార్థన చేస్తోంది, మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్తోంది. మేమూ ఎప్పుడూ ఇవ్వబోలేదు. ఆ రోజు ఆవిడ గంజి గ్లాసు చూసింది, అమ్మ మొహం చూసింది. గొడుగు మూలన పెట్టి, పీట లాక్కుని కూర్చుని, "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదమ్మాయ్, నాకింత పెట్టు" అంది. అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత పెట్టింది. "నువ్వూ పెట్టుకో, ఒక్కదాన్నే ఎలా తింటాను?" అంది ఆవిడ. ఇద్దరూ పచ్చిపులుసు పోసుకుని ఆ ఎగుడుదిగుడు అన్నం తిన్నారు. మధ్యలో ఆవిడకు పంటికింద రాయి తగిలింది. తీసి వెలుగులో తిప్పి చూసి, "ఇది మీ సమాజం వాళ్ళదే" అంది. అమ్మ నవ్వింది. ఆ చలికాలం మొత్తమ్మీద అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ డిసెంబరులో ప్రేమవిందుకు పొయ్యిలు రెండే వెలిగాయి. ఊరు మారిపోయిందని నేను చెప్పబోవడం లేదు.

సరే, శనివారానికి వద్దాం. ఇదంతా తలలో నింపుకుని, ఆ ఇడ్లీల అబ్బాయికి చెప్పాల్సిన పాఠం కూడా ఒకటి సిద్ధం చేసుకుని క్యారియర్ సర్దాను. అన్నం, మేక కాళ్ళ పులుసు, బీరకాయ కూర. ఎముక అతుక్కోవాలంటే మేక కాళ్ళే కదా.

అక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. క్యారియర్ చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "కాళ్ళేనా?" అంది. ఆదివారం నుంచీ అది ఐదోసారట. "నా కోసం ఎన్ని మేకలు నడక మానేశాయో! నేనింకా మొదలుపెట్టందే."

క్యారియర్ దింపుదామని వంటింట్లోకి వెళ్ళాను. బావగారు లుంగీ పైకి మడిచి కట్టుకుని, సింకు దగ్గర నిలబడి ఎవరిదో గిన్నె తోముతున్నారు. గట్టు మీద మూడు క్యారియర్లు విప్పి బోర్లించి ఉన్నాయి. ఏ మూత ఎవరిదో తారుమారు కాకుండా ఒక్కో దాని కింద ఒక్కో కాగితం ముక్క. పక్కన రెండు డజన్ల అరటిపళ్ళు, నాలుగు బిస్కెట్ పాకెట్లు. "ఖాళీగా పంపకూడదుగా" అన్నారాయన. డెబ్బై దాటిన మనిషి, మంచం దిగలేని భార్యను ఇంట్లో వదిలి, గిన్నెల్లో పెట్టడానికి అరటిపళ్ళు కొనుక్కొచ్చాడు. "మీరు రాసింది చదివాం కదా" అని కూడా అన్నారు. మర్యాదగానే అన్నారు.

వెనక్కి వచ్చి కూర్చున్నాను, మంచం అంచున. అక్క మెల్లిగా, "ఆ కుర్చీ లాక్కోవే" అంది. అంచున ఎవరు కూర్చున్నా పరుపు వంగి తుంటి లాగుతుందట. వారం నుంచీ ఎవరికీ చెప్పలేకపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా పడ్డావని అడుగుతారు. "రోజూ ఒకసారి మళ్ళీ పడాల్సొస్తోంది" అంది. ప్రార్థన బాగానే ఉంటుందట, కాకపోతే మధ్యలో కాలు కదపాలంటే మొహమాటం. మన వాళ్ళ ప్రార్థనలు మీకు తెలియనివి కావు, ఆదాము దగ్గర మొదలైతే అక్క తుంటి దాకా రావడానికి కాస్త టైము పడుతుంది.

"మంగళవారం మాత్రం హాయిగా ఉందే" అంది. నేను బిగుసుకున్నాను. "గేటు దగ్గర్నుంచి ఈయన తెచ్చాడు. తిన్నాం. పొట్లాలు చెత్తబుట్టలో పడేశాం. తోమేది లేదు, పంపేది లేదు. ఎనిమిదింటికల్లా పడుకున్నాం. ఆపరేషన్ తర్వాత తెల్లవార్లూ నిద్రపట్టింది ఆ ఒక్క రాత్రే." ముందు రోజు ఆ అబ్బాయి మెసేజి పెట్టాడట, ఆంటీ, ఇడ్లీ పంపనా, పెరుగన్నం పంపనా అని.

నా పాఠం నోట్లోనే ఉండిపోయింది. అడక్కూడదని ఇన్నేళ్ళుగా రాస్తున్నది నేను. వాడు అడిగాడు. కాకపోతే ఏమన్నా కావాలా అని కాదు, ఇదా అదా అని. ఈ రెండు అడగడాలకూ మధ్య తేడా నాకు ఇంతకాలం ఎందుకు తట్టలేదో తెలీదు. ఆ తెనాలి అత్తగారి పచ్చిమిరపకాయల మీద మురిసిపోయాను గానీ, ఆ రోజు ఆవిడ వాటి కోసం ఎవరింటి పెరట్లోకి వెళ్ళిందో ఆలోచించలేదు.

అలాగని ఇక అందరం ఫోన్లు నొక్కేద్దామని కూడా అనలేను. ఏడు రోజులూ గేటుకు పొట్లాలే వేలాడితే ఆ ఇంట్లో మనుషులున్నారని పోస్టుమేన్‌కు తప్ప ఎవరికీ తెలీదు.

లేవబోతుంటే అక్క, "నువ్వు తిన్నావా?" అంది. తినలేదు. ఫ్రిజ్‌లో గురువారం నాటి పప్పుచారు ఉంది. దాన్ని వేడి చేశాను. బావగారు అప్పడాలు కాల్చారు, ఒక పక్క మసి, ఒక పక్క పచ్చి. అక్కకు కంచం ఒళ్ళోకిచ్చి, మేమిద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని ముగ్గురం తిన్నాం. ఎలా పడ్డావని నేనడగలేదు. వంకాయల ధర గురించీ, వాళ్ళ మనవడి తెలుగు గురించీ మాట్లాడుకున్నాం. నా కాళ్ళ పులుసు ఎవరూ ముట్టలేదు, నాతో సహా. పక్కింటి వాళ్ళ గిన్నెలోకి వెళ్ళింది.

గట్టు మీదవన్నీ తుడిచి సర్దేశాను. నా క్యారియర్లో అరటిపళ్ళు పెట్టబోతుంటే బావగారి చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన నొచ్చుకున్నారు, ఒప్పుకున్నారు.

ఖాళీ క్యారియర్ ఆటోలో దారంతా గలగలమంది. ఇంటికి రాగానే మా ఆయన అలవాటుగా కొక్కెం తీశారు. పై గిన్నె చూశారు, నడిమిది చూశారు.

"ఏమీ పెట్టలేదా?"

"లేదు" అన్నాను.

నమ్మకం కుదరక అడుగు గిన్నె కూడా తీసి చూశారు.