‘సెలెమ్’ శబ్దము – నరగౌరవము

ఆదికాండము ప్రథమాధ్యాయమున దేవుడు నరుని తన ‘సెలెమ్’గా, ‘దెమూత్’గా సృజింప సంకల్పించెను. తెలుగు బైబిలున నివి ‘స్వరూపము’, ‘పోలికె’ యైనవి. క్రీస్తుశకము రెండవ శతాబ్ది వాడగు ఐరీనియసు వీనిని వేరుపరచి, పాపముచే పోలికె నశించెననియు స్వరూపము నిలిచెననియు వ్యాఖ్యానించెను. ఈ విభాగము మాకు సమ్మతము కాదు. 1979లో సిరియాయందలి తెల్ ఫెఖేరియేలో లభించిన యొక యేలిక శిలావిగ్రహముపై గల అరమేయిక శాసనము ఆ విగ్రహమునే యీ రెండు మాటలతోడను పేర్కొనుచున్నది. సంఖ్యాకాండమున (33:52) ‘సెలెమ్’ పోతవిగ్రహములకు వాడబడినది. కావున దీని యర్థము ‘ప్రతిమ’. మన వేదాంతపరిభాషలో ఆత్మతత్త్వమును స్ఫురింపజేయు ‘స్వరూప’శబ్దముచే నా మూర్తత్వము మరుగుపడినది.

ఇది కేవలము మాటల తగవు కాదు. అస్సీరియాలో దేవుని ప్రతిమగా పొగడ్త నొందినవాడు రాజు. బాబిలోనియా సృష్టికావ్యమగు ‘ఎనూమా ఎలిష్’లోని సామాన్యనరుడో, హతుడైన కింగు రక్తమునుండి దేవతల చాకిరికై పుట్టినవాడు. హెబ్రీయ రచయిత యా రాజబిరుదమును స్త్రీపురుషుల కెల్లరకు నిచ్చెను. తొమ్మిదవ యధ్యాయమున నరహత్య కూడదనుటకు హేతువుగా జూపబడినదియు నిదియే. ‘ప్రతిమ’ యన్నచో విగ్రహారాధన స్ఫురించునని జంకు ననువాదకులు, విగ్రహములను నిషేధించిన జాతియే యీ మాట నేల యేరుకొనెనో విచారింపవలెను.