గొలుసుల్ని చూడని ప్రసంగం

మార్కు సువార్త 5వ అధ్యాయాన్ని మన పేటల చర్చిల్లో ఎట్లా చెబుతున్నారు? సమాధుల్లో బతికే మనిషి, దయ్యాలు, పందుల మంద. చాలాసార్లు ప్రసంగం అక్కడితో సరి. అతన్ని మనుషులే గొలుసులతో కట్టారన్న సంగతి ఎవరికీ పట్టదు. బాగుపడ్డాక యేసు అతన్ని ఇంటికి, తనవాళ్ల దగ్గరికే పంపాడన్నదీ వినపడదు.

మా అభ్యంతరం ప్రార్థన మీద కాదు. మనసు జబ్బును దయ్యమనో పాపమనో చెప్పి, మందులు మాన్పించి, తగ్గకపోతే విశ్వాసం చాల్లేదని రోగినే దోషిని చేయడం మీద. వెలివేత బాధ తెలిసిన జనమే తమలో ఒకర్ని వెలేస్తే ఇక చర్చి దేనికి?

2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకొని వచ్చిన రోగుల్ని ఉంచిన ఒక షెడ్డు తగలబడి 28 మంది చనిపోయారు. వాళ్లను కదలనివ్వనివి గొలుసులే. ఇది ఒక్క మతం కథ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

సంఘం చేయగలిగింది పెద్దదేం కాదు: ఆసుపత్రికి తోడు పోవడం, కూలి పోయిన రోజు ఆ ఇంటికి బియ్యం, ప్రభువు బల్ల దగ్గర చోటు. ఇది దయ కాదు, ఆ మనిషి హక్కు.