దిండు రాయి, నల్లగాజు

కోలారు బంగారు గనుల ఊరు మారికుప్పం వచ్చినవాళ్ళ కళ్ళన్నీ బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బల మీదే. కాళ్ళ కింద ఉన్న రాయిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. నాకైతే ఆ రాయే రసవత్తరం. కోలారు బంగారాన్ని కడుపులో దాచుకున్న ఈ నల్లపచ్చ యాంఫిబొలైట్ సుమారు 270 కోట్ల ఏళ్ళ నాటి లావా. ఇక్కడి పెద్దపల్లి దగ్గర దిండ్లలా ఉబ్బిన ఆకారాలు చూడండి, అది నీళ్ళలోకి పొంగిందని తెలిసిపోతుంది. నీరు తగిలిన పైతోలు ఉన్నపళంగా గాజయింది. లోపలి వేడి నిదానంగా దిగుతూ స్ఫటికాలు అల్లింది. తర్వాతి వేడికీ ఒత్తిడికీ ఆ గాజు ఏనాడో మారిపోయింది, దిండు వంపు మాత్రం నిలిచింది.

1980ల్లో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ రాతిలోనే, వెయ్యి మీటర్ల లోతున, విద్యుత్ హీటర్లు పెట్టి చూశారు. అణు వ్యర్థాలను బంధించిన గాజు వెదజల్లే వేడిని రాయి ఎలా ఓర్చుకుంటుందన్నది వాళ్ళ ప్రశ్న. వ్యర్థం రాలేదు, దాని వేడికి నకలు మాత్రమే వచ్చింది. (2012లో వ్యర్థాలు ఇక్కడే పూడుస్తారన్న మాట పుట్టి ఊరు భగ్గుమంది. ఆ కోపం న్యాయమైనదే.)

అసలు గాజు తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో పుడుతుంది. దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర కరిగిన బోరోసిలికేట్‌లో వ్యర్థం కలిసిపోయి, ఉక్కు డబ్బాలోకి జారుతుంది. కళంతా ఆ తర్వాతే. తొందరపడి చల్లారిస్తే లోపలి బిగువుకు పగుళ్ళు వస్తాయి, నీరు తాకే ఉపరితలం పెరుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే స్ఫటికాలు మొలుస్తాయి. అన్నీ చెడ్డవి కావు. స్పైనెల్ పెద్దగా హాని చేయదు. నెఫిలిన్ మాత్రం అల్యూమినానూ సిలికానూ తనలోకి లాక్కుని చుట్టూ ఉన్న గాజును బలహీనపరుస్తుంది. కాబట్టి స్ఫటికాలు మొలిచే వేడిని చకచకా దాటించాలి, 500 డిగ్రీల చుట్టుపక్కల కాస్త నిలిపి బిగువు సడలనివ్వాలి. ద్రుతం, వెనువెంటనే విలంబితం!

అంత చేసినా డబ్బా నడుమ వేడి చివరికి గానీ దిగదు. గోడ దగ్గరిదొక గాజు, గుండెలోది మరొకటి. అచ్చం ఆ దిండు రాయే. అందుకే ప్రయోగశాలలో నమూనాలను ఆ నడిమి గాజు చల్లారే వేగంతోనే చల్లార్చి, నీళ్ళలో నానబెట్టి, ఎంత కరిగిందో కొలుస్తారు. గోడ పక్కన తళతళలాడే నల్లగాజు నునుపుకు అక్కడ మార్కులేమీ ఉండవు.